అదబ్ నేర్పిన ఆచార్యులు: శ్రీ రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు

ఉర్దూ భాషలో ‘అదబ్’ అనే మాట ఒకటి ఉన్నది. దానికి సాహిత్యమని ఒక అర్థం, మర్యాద, సత్ప్రవర్తన అని మరొక అర్థం. రెండు అర్థాలకు ఒకటే మాట కావడం వలన, ఆ భాషలో పెరిగిన బిడ్డ సాహిత్యాన్ని, సంస్కారాన్ని వేరు చేసి చూడకుండానే పెరుగుతాడు. తెలుగులో ఈ రెండింటికీ రెండు మాటలున్నవి. అందువలననో ఏమో, సాహిత్యాన్ని తరగతి గదికి, సంస్కారాన్ని ఇంటికి అప్పగించి ఊరుకోవడం మన అధ్యాపకులకు అలవాటైపోయినది. పాఠం చెప్పినాము, పరీక్ష పెట్టినాము, మార్కులు వేసినాము. అంతటితో మన ధర్మం తీరిపోయినదనుకుంటాము.

అట్లు అనుకొనని మహోపాధ్యాయులు ఒకరు మన సికింద్రాబాదులోనే అయిదేండ్లు పనిచేసినారు. వారే శ్రీ రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు. ఆంధ్రదేశం వారిని బ్రహ్మర్షి అన్నది, కులపతి అన్నది, అపర సోక్రటీసు అని కూడ అన్నది. కాకినాడ వాసులు వారిని తమవారిగా చెప్పుకుంటారు. మచిలీపట్నం వారు తమ ఊరి బిడ్డ అంటారు. అవి న్యాయమైన మాటలే. కాని మన ఊరి మహబూబ్ కళాశాలకు వారు ప్రిన్సిపాలుగా ఉండినారన్న సంగతి మనలో ఎందరికి తెలుసు? ఈ వ్యాసం వ్రాయబూనినప్పుడు మా తరగతిలో అడిగి చూచినాము. ఒక్క చేయి కూడ లేవలేదు. విద్యార్థులను తప్పుపట్టే అర్హత మాకు లేదు. ఆ కళాశాల ముందునుండి ఏండ్ల తరబడి నడిచిపోయిన మేమే ఈ సంగతిని ఎం.ఏ. పూర్తిచేసిన తరువాత గాని తెలుసుకొనలేదు.

నాయుడుగారు 1862 అక్టోబరు 1వ తేదీన మచిలీపట్నంలో జన్మించినారు. తండ్రి అప్పయ్యనాయుడుగారు సైన్యంలో సుబేదారు. సిపాయిల కుటుంబాలకు స్థిరమైన ఊరు ఉండదు. పటాలం ఎక్కడికి పోతే సంసారం అక్కడికి పోవలసిందే. కనుక ఈ బాలుని చిన్నతనం చాలవరకు తెలుగుసీమకు వెలుపల గడచినది. ఆ సంచారంలో నష్టం ఎంత కలిగినదో చెప్పలేము గాని, లాభం మాత్రం స్పష్టంగా కనబడుతున్నది. ఇంటిలో తెలుగు వినిన ఆ పిల్లవానికి హిందూస్తానీ, ఉర్దూ, పారసీ భాషలు పసితనంలోనే పట్టుబడినవి. పిమ్మట తండ్రికి హైదరాబాదు బదిలీ కావడంతో చదువు ఇక్కడ కొనసాగినది. అంటే, మన జంటనగరాలు ఆయనకు ఉద్యోగమిచ్చిన ఊరు మాత్రమే కాదు. అంతకు పూర్వమే చదువు చెప్పిన ఊరు.

మన కళాశాల పిల్లలు ఈ విషయాన్ని ప్రత్యేకంగా గమనించవలెనని మా మనవి. మీలో చాలమందికి ఇంటిభాష ఉర్దూ, వీధిభాష తెలుగు, పుస్తకాల భాష ఇంగ్లీషు. మూడు భాషల నడుమ నలిగిపోతున్నామని, ఏదీ సరిగా రాలేదని మీరు దిగులుపడడం మేము వినియున్నాము. నాయుడుగారు కూడ అటువంటి బాల్యంలోనుండి వచ్చినవారే. పారసీ చదివిన తెలుగు బాలుడు ఇంగ్లీషు సాహిత్యంలో ఎం.ఏ. పట్టం పుచ్చుకొని, ఆ సాహిత్యాన్నే జీవితమంతా బోధించినాడు. ఒక భాష మరొక భాషకు అడ్డు అనే భయానికి ఆయన జీవితమే సమాధానం.

పై చదువులకు ఆయన మద్రాసు వెళ్లి, క్రిస్టియన్ కళాశాలలో చేరినారు. ఆనాడు ఆ కళాశాలకు డాక్టర్ విలియం మిల్లర్ ప్రిన్సిపాలు. దక్షిణదేశంలో ఒక తరం విద్యావంతుల మీద మిల్లర్ ప్రభావం చాల గట్టిది. విద్య అంటే పరీక్షలో నెగ్గడం కాదు, మనిషిని తీర్చిదిద్దడం అన్న విశ్వాసం నాయుడుగారికి అక్కడ దృఢపడినది. అయితే గురువుగారి మతంలో ఆయన చేరలేదు. మద్రాసులో బ్రహ్మసమాజానికి పునాది వేసిన వారిలో ఒకరైన మన్నవ బుచ్చయ్య పంతులుగారి సాహచర్యంలో ఆయన బ్రహ్మసమాజీయులైనారు.

బ్రహ్మసమాజం అనగానే అది మనకు పరాయిది అనుకొనరాదు. 1828లో కలకత్తాలో దానిని స్థాపించిన రాజా రామమోహనరాయలు అరబ్బీ, పారసీ భాషలలో పండితులు. ఏకేశ్వరవాదాన్ని సమర్థిస్తూ ఆయన రచించిన తొలి గ్రంథం తుహ్ఫతుల్ మువహ్హిదీన్ పారసీలో ఉన్నది. దాని పీఠిక అరబ్బీలో ఉన్నది. విగ్రహారాధన లేకుండా ఒకే దైవాన్ని కొలవడం, మనుష్యులందరినీ ఆ దైవం బిడ్డలుగా చూడడం, కులభేదాన్ని నిరాకరించడం ఆ సమాజపు మూలసూత్రాలు. చిన్ననాడే పారసీ అక్షరాలు దిద్దిన నాయుడుగారికి ఈ మార్గం నచ్చడంలో ఆశ్చర్యం లేదు.

ముప్పది ఏండ్లు నిండకమునుపే వారికి భార్యావియోగం కలిగినది. పునర్వివాహం చేసుకొమ్మని పెద్దలు చెప్పడం, చేసుకొనడం ఆ కాలంలో సామాన్యమైన విషయం. భార్య పోయిన మగవానికి నెలలు తిరగకుండా పెండ్లి. భర్త పోయిన ఆడుబిడ్డకు జీవితాంతం వైధవ్యం. వితంతువులకు పెండ్లిళ్లు జరగవలెనని వాదించే సంస్కర్తగా, మగవానికి ఒక న్యాయం, ఆడుదానికి ఒక న్యాయం ఉండడం ఎంతటి అన్యాయమో ఆయన ఎరుగుదురు. మరల వివాహం చేసుకొనకుండానే ఉండిపోయినారు. నాటినుండి తెల్లని దుస్తులే వారి వేషం. ఆ ధవళ వస్త్రాలు, తలపాగా తరువాతి కాలంలో వారికి గుర్తులైనవి. సంసారం లేదు గనుక బాధ్యత లేదని ఆయన అనుకొనలేదు. చదువుకొనవచ్చిన పిల్లలనే సంసారం చేసుకున్నారు.

ఆ రోజులలో ఇంగ్లీషు ఎం.ఏ. అంటే సామాన్యమైన పట్టం కాదు. కోరుకుంటే ప్రభుత్వోద్యోగం ఉన్నది, న్యాయవాద వృత్తి ఉన్నది. ఆ రెండింటిలోనూ ధనం, అధికారం ఉన్నవి. నాయుడుగారు అధ్యాపక వృత్తినే ఎన్నుకున్నారు. మద్రాసులో పచ్చయప్ప కళాశాలలో పనిచేసినారు. పిమ్మట సొంత ఊరు మచిలీపట్నంలో నోబుల్ కళాశాలకు వచ్చినారు.

నోబుల్ కళాశాలలో వారి తరగతిలో కూర్చున్న యువకులను తలచుకొంటే ఆశ్చర్యం కలుగుతుంది. భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు ఒకరు. వీరు తరువాత భారత జాతీయ కాంగ్రెసు చరిత్ర వ్రాసి, 1948లో ఆ సంస్థకు అధ్యక్షులైనారు. ముట్నూరి కృష్ణారావుగారు మరొకరు. కృష్ణాపత్రికను దశాబ్దాలపాటు నడిపిన సంపాదకులు. కోపల్లె హనుమంతరావుగారు ఇంకొకరు. ఈ ముగ్గురూ కలిసి మచిలీపట్నంలో 1910లో ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పినారు. ఒక ఉపాధ్యాయుని తరగతిలోనుండి వచ్చినవారు మరొక కళాశాలనే కట్టినారంటే, ఆ ఉపాధ్యాయుడు వారికి పాఠం మాత్రమే చెప్పలేదని అర్థం.

ఇక మన ఊరి కథకు వద్దాము. సికిందర్ జా పేరుమీద 1806లో ఏర్పడిన సికింద్రాబాదు తొలినుండి పటాలాల ఊరు. తెలుగువారు, తమిళులు, దక్కనీ ముసల్మానులు, మరాఠీలు, పార్సీలు, ఆంగ్లేయులు, ఆంగ్లో ఇండియనులు ఇక్కడ ఇరుగుపొరుగున జీవించినారు. ఈ ఊరిలో 1862లో సోమసుందరం మొదలియారుగారు ఒక పాఠశాలను స్థాపించినారు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరు ధరించి అదే పిదప మహబూబ్ కళాశాల అయినది. మొదలియారుగారు తమిళులు, పేరు నిజామునవాబుది, చదువుకున్నవారు అన్ని భాషల పిల్లలు. 1893 ఫిబ్రవరిలో, అమెరికా ప్రయాణానికి కొద్ది నెలల ముందు, స్వామి వివేకానందులు ఉపన్యసించినది ఈ కళాశాలలోనే. నాయుడుగారు పుట్టిన సంవత్సరమూ, ఈ విద్యాలయం పుట్టిన సంవత్సరమూ ఒకటే కావడం ఒక అందమైన యాదృచ్ఛికం.

1899లో, తమ ముప్పది ఏడవ ఏట, నాయుడుగారు మహబూబ్ కళాశాలకు ప్రిన్సిపాలుగా వచ్చినారు. 1904 వరకు ఇక్కడ ఉండి దాని అభివృద్ధికి కృషిచేసినారు. జీవితచరిత్రలలో ఈ అయిదేండ్లకు ఒకటి రెండు వాక్యాలకు మించి చోటు దొరకదు. అది సహజమే, కాకినాడలోని పదునైదేండ్ల వెలుగు ముందు ఇవి చిన్నబోయినవి. కాని ఒక్కసారి ఆలోచించి చూడండి. మచిలీపట్నంలో ఆయన ఎదుట కూర్చున్నవారిలో అధికులు తెలుగు పిల్లలు. ఇక్కడనో, ఒకే బల్లమీద నాలుగు ఇంటిభాషల పిల్లలు. సుబేదారు కొడుకుగా పటాలం ఇళ్ల మధ్య పెరిగి, ఉర్దూ పారసీలు తెలిసిన వ్యక్తి కంటే ఈ ఊరికి తగిన ప్రిన్సిపాలు ఎవరుంటారు? సిపాయి బిడ్డ ఎట్లా ఆలోచిస్తాడో, ఊరు మారినప్పుడు వాడు ఏమి పోగొట్టుకుంటాడో ఆయనకు ఒకరు చెప్పనక్కరలేదు.

ఆ అయిదేండ్లలో ఇక్కడి తెలుగువారిలో కూడ ఒక మేలుకొలుపు వచ్చినది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలసినది. కొమర్రాజు లక్ష్మణరావుగారు, నాయని వెంకటరంగారావుగారు, రావిచెట్టు రంగారావుగారు మొదలైనవారు దానికి కారకులు. ఇటు హైదరాబాదులో నిజాం కళాశాలను తీర్చిదిద్దిన అఘోరనాథ చట్టోపాధ్యాయగారు, అనగా సరోజినీ దేవిగారి తండ్రి, బ్రహ్మసమాజీయులే. నేడు మహబూబ్ కళాశాల ఉన్న బాటకు సరోజినీదేవి రోడ్డు అని పేరు. ఆ పేరు పలికినప్పుడు ఆ కాలపు విద్యాధికులందరు మాకు జ్ఞాపకం వస్తారు.

1904లో నాయుడుగారు కాకినాడలోని పిఠాపురం రాజా కళాశాలకు ప్రిన్సిపాలుగా వెళ్లినారు. 1919 వరకు అక్కడ ఉన్నారు. పిఠాపురం మహారాజు శ్రీ రావు వెంకటకుమార మహీపతి సూర్యారావుగారు వారిని గురువుగా భావించినారు. ఆ మహారాజే తెలుగు భాషకు సూర్యరాయాంధ్ర నిఘంటువును ఇచ్చిన దాత. రాజు ధనం, గురువు సంకల్పం కలిసినవి. కాకినాడలో బ్రహ్మమందిరం, అనాథ శరణాలయం, హరిజన బాలుర వసతి, బీద విద్యార్థులకు వేతనాలు ఏర్పడినవి.

నాయుడుగారు బోధించినది ఇంగ్లీషు సాహిత్యం. కాని వారి దృష్టిలో ఒక కావ్యాన్ని చదవడమంటే దాని పదాలకు అర్థం చెప్పుకోవడంతో ముగిసే పని కాదు. కవి చెప్పిన భావం చదివినవాని నడవడిలోకి దిగినదా లేదా అన్నదే వారికి ముఖ్యం. తరగతి గంట కొట్టగానే గురుశిష్య సంబంధం ముగిసేది కాదు. కళాశాలలో ప్రారంభమైన సంభాషణ వారి ఇంటిలోనూ, మందిరంలోనూ కొనసాగేది. ఆయన ఉపన్యాసాలు విన్నవారిలో ఆ మతంలో చేరినవారు కొందరే. ఆ మాటలవలన జీవితం మార్చుకున్నవారు చాలమంది. మేము మొదట చెప్పిన ‘అదబ్’ అనే మాటకు ఇంతకంటే మంచి వ్యాఖ్యానం ఉండదు.

ప్రిన్సిపాలు జీతంలో ఎక్కువ భాగం బీదపిల్లల ఫీజులకు, పుస్తకాలకు, అన్నవస్త్రాలకు వెళ్లిపోయేది. వారి ఇల్లు విద్యార్థులకు, దిక్కులేని పిల్లలకు ఆశ్రయం. అస్పృశ్యులని సంఘం వెలివేసిన కులాల బాలురను వారు తమ ఇంట ఉంచుకొని, చదివించి, తక్కినవారితో సమానంగా చూచినారు. నూరేండ్ల క్రిందటి సంగతి ఇది. ఆ బాలురు నడిచిన వీధిలో నడవడానికి, ముట్టిన నీరు త్రాగడానికి జనం నిరాకరించిన రోజులు. అటువంటి రోజులలో ఒక ప్రిన్సిపాలు ఇంటిలో వారికి పీట వేసి అన్నం పెట్టడం ఉపన్యాసంకంటే పెద్ద పాఠం. పెద్ద తరగతులలో మగపిల్లలతోపాటు ఆడపిల్లలకు కూడ చోటు ఉండవలెనని కోరి, కళాశాల తలుపులు వారికి తెరిపించినవారు కూడ నాయుడుగారే.

ఇక వారి శిష్యుల సంగతి. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారికి ఆంగ్ల సాహిత్యంమీద మక్కువ కలిగించిన గురువులు ఇద్దరు. ఒకరు కూచి నరసింహంగారు, మరొకరు నాయుడుగారు. ఆ మక్కువ తెలుగులో భావకవిత్వమై పూచినది. 1925లో వచ్చిన కృష్ణపక్షం వెనుక ఆ ఇంగ్లీషు పాఠాల వాసన ఉన్నదనడం అతిశయోక్తి కాదు. గుడిపాటి వెంకటచలంగారు కూడ కాకినాడలో చదువుకొనే రోజులలో నాయుడుగారి ఆకర్షణవలన బ్రహ్మసమాజంవైపు వచ్చినవారే. పిమ్మట ఆయన దారి ఎటు పోయినదో పాఠకులెరుగుదురు. గురువు పవిత్రతను బోధించగా శిష్యుడు స్వేచ్ఛను బోధించినాడు. గురువు నిగ్రహం అన్నచోట శిష్యుడు ప్రేమ అన్నాడు. అయినను నమ్మినదానిని దాచకుండా చెప్పడం, చెప్పినదానికోసం నష్టపడడం అనే గుణం ఇద్దరిలో ఒకటే.

శిష్యులందరు తనవలె ఉండవలెనని కోరే గురువు చిన్న గురువు. నాయుడుగారు ప్రభుత్వమిచ్చిన బిరుదులు స్వీకరించినారు; 1924లో సర్ బిరుదం కూడ వచ్చినది. నోబుల్ కళాశాలలోని శిష్యులు పట్టాభిగారు, ముట్నూరివారు ఆ ప్రభుత్వాన్నే ఎదిరించినారు. అయినను ఆ శిష్యుల మనస్సులో ఆ గురువు స్థానం చెక్కుచెదరలేదు. తాను ఒప్పుకొనని దారిన నడిచే ధైర్యాన్ని కూడ విద్యార్థికి ఇవ్వగలగడం బోధనలోని పరాకాష్ఠ.

మహనీయుల జీవితం చెప్పేటప్పుడు మెచ్చుకోలు ఒక్కటే చెప్పి ఊరుకోవడం న్యాయం కాదు. నాయుడుగారు సాంఘిక పవిత్రతా ఉద్యమానికి నాయకులు. శుభకార్యాలలో భోగంమేళాలు పెట్టించరాదని, అటువంటి సభలకు పెద్దమనుష్యులు పోరాదని 1890 దశకంనుండి పట్టుదలతో ప్రచారం చేసినారు. ఆడుబిడ్డలను దేవుని పేరుతో అంగడి వస్తువులుగా చేసే ఆచారాన్ని ఎదిరించడం ధర్మమే. కాని ఆ ఉద్యమ తీవ్రతలో ఆ స్త్రీల కళ, పాండిత్యం, బ్రతుకుతెరువు కూడ ఒక్కమారే నిందపాలైనవి. మేళాలు మానినవారు ఆ స్త్రీలకు వేరు జీవనం చూపడంలో అంత శ్రద్ధ చూపలేదు. బెంగుళూరు నాగరత్నమ్మగారు 1910లో ముద్దుపళని రాధికాసాంత్వనమును ప్రకటిస్తే, ప్రభుత్వం దానిని నిషేధించినది. ఆ నిషేధం తొలగడానికి 1947 రావలసివచ్చినది. పవిత్రత అనే తక్కెడలో సాహిత్యాన్ని తూచడంవలన కలిగే చిక్కు ఇది. నేటి విద్యార్థి నాయుడుగారి కరుణను గ్రహించి, ఆ కాలపు కాఠిన్యాన్ని ప్రశ్నించవచ్చును. అది గురుద్రోహం కాదు. చలంగారు చేసినదీ అదే.

కళాశాల విడిచిన పిమ్మట 1925 నుండి 1928 వరకు నాయుడుగారు మద్రాసు విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా ఉన్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో వెలసినది ఆ కాలంలోనే. 1939 మే 26వ తేదీన, తమ డెబ్బది ఏడవ ఏట, కాకినాడలో కన్నుమూసినారు. ఎన్నడు ఎవరి వద్దను దాచుకొననివారు గనుక వెనుక ఆస్తి అని చెప్పదగినది శిష్యులే.

వారి ప్రసంగాలను వేమూరి రామకృష్ణారావుగారు సంపుటాలుగా ప్రకటించినారు. అవి ఇంగ్లీషులో ఉన్నవి. తెలుగు సాహిత్యచరిత్రలో నాయుడుగారి పేరుమీద ఒక కావ్యం లేదు, ఒక నవల లేదు. అయినను ఆ చరిత్రలో కృష్ణశాస్త్రిగారి అధ్యాయాన్ని, చలంగారి అధ్యాయాన్ని, ముట్నూరివారి వ్యాసాలను తీసివేసి చూడండి. ఎంత ఖాళీ మిగులుతుందో! తాను వ్రాయకుండా ఇతరులచేత వ్రాయించినవారు రచయితలు కారా అని మాకు తరచు అనిపిస్తుంది.

ఈ సందర్భంలో మాకు సంబంధించిన ఒక సంగతి చెప్పక తప్పదు. చెప్పడానికి సిగ్గుగానే ఉన్నది. కొన్నేండ్ల క్రిందట, వేరొక చోట పనిచేస్తున్నప్పుడు, ద్వితీయభాష తెలుగు తరగతిలో ‘మా ఇల్లు’ అనే విషయంమీద వ్యాసం వ్రాయుమని ఇచ్చినాము. ఉర్దూ మాధ్యమంలో చదివి వచ్చిన ఒక బాలుడు ఒకటిన్నర పుట వ్రాసి తెచ్చినాడు. వాక్యాలు ఉర్దూ వరుసలో నడిచినవి. క్రియలకు లింగవచనాలు కుదరలేదు. ఒత్తులు తప్పిపోయినవి. మేము ఎర్రసిరాతో దిద్దినాము. దిద్దినాము అనుటకంటె పుటలన్నీ ఎర్రగా చేసినాము అనుట సత్యం. పది మార్కులకు మూడు వేసినాము.

తరువాతి వారంనుండి ఆ పిల్లవాడు తరగతికి రాలేదు. హాజరుపట్టీలో పేరు కొట్టివేయవలసిన రోజు వచ్చినప్పుడు గాని మేము అడుగలేదు. రాత్రిళ్లు ఒక హోటలులో పనిచేస్తున్నాడని, ఫీజు కట్టలేక మానినాడని తోటివారు చెప్పినారు. ఆ సాయంత్రం మా బీరువాలో మిగిలిపోయిన ఆ కాగితాలను మరల చదివినాము. వాన వస్తే ఇంటికప్పు కురుస్తుందని, అమ్మ గిన్నెలు పెడుతుందని, ఏ గిన్నెలో నీరు పడితే ఏ చప్పుడు వస్తుందో చెల్లెలికి చెబుతూ నిద్రపుచ్చుతానని అతడు వ్రాసినాడు. అంత చక్కని వర్ణనను ఆ సంవత్సరం మరి ఎవ్వరు వ్రాయలేదు. మేము క్రియాంతాలు చూచినాము, ఇంటికప్పు చూడలేదు. తెలుగు ఎం.ఏ. చదివిన మాకు, ఇంటిలో ఉర్దూ మాట్లాడే మాకు, ఆ వాక్యం వెనుకనున్న ఉర్దూ వాక్యం వినబడకపోవడం కంటే పెద్ద తప్పు ఏమున్నది? చిన్ననాడు మేమును ఇట్లే వ్రాసినవారమే. ఒక పంతులుగారు నవ్వకుండా చదివినందువలననే ఈ వృత్తికి వచ్చినాము.

నాయుడుగారి తరగతిలో ఆ బాలుడు ఉండియుంటే అతని ఫీజు సంగతి వారికి ముందే తెలిసేది. జీతంలోనుండి ఆ సొమ్ము ఎవరికి చెప్పకుండా కట్టబడేది. అతని ఇంటికప్పు గురించి ఒక సాయంత్రం మాట జరిగేది. వ్యాకరణం పిమ్మట వచ్చేది. రాకుండా పోయేది కాదు. విద్యార్థిని ముందు చూచి, విషయాన్ని తరువాత చూడడం అంటే విషయాన్ని తక్కువ చేయడం కాదు. విషయం ఎవరికోసమో తెలిసికొనడం. నాయుడుగారి జీవితంనుండి మేము నేర్చుకున్న పాఠం ఇంతే. నేర్చుకొనడానికి ఒక విద్యార్థిని పోగొట్టుకొనవలసివచ్చినది.

ఈ సంచికను చదివే కమిటీ పెద్దలకు సవినయంగా రెండు మనవులు. ఒకటి, రచనాభ్యాసానికి ఇంతమంది పిల్లలను ఒకే గదిలో కూర్చుండబెట్టక, వారానికి ఒక గంట అయినా పదిమంది చొప్పున విడదీసి కూర్చుండబెట్టే ఏర్పాటు చేయవలెను. కాగితాన్ని పిల్లవాని ఎదుట చదివి, అతనితో మాట్లాడి దిద్దడానికి అధ్యాపకునికి వ్యవధి ఉండవలెను. రెండవది, అధ్యాపకులు, కమిటీవారు తోచినంత వేసే ఒక చిన్న నిధి ఉండవలెను. దాని సహాయం పొందినవారి పేరు నోటీసు బోర్డుమీదకు రాకూడదు, సభలో చదవకూడదు. కుడిచేయి ఇచ్చినది ఎడమచేతికి తెలియరాదన్న బోధ మనకు కొత్తది కాదు. మేము మా వంతు మొదటి నెలనుండే ఇవ్వగలమని ఇక్కడ వ్రాసి ఇస్తున్నాము.

విద్యార్థినీ విద్యార్థులారా! ప్యాట్నీవైపు వెళ్లినప్పుడు మహబూబ్ కళాశాల ముందు ఒక్క నిమిషం నిలువండి. 1899లో తెల్లని దుస్తులు ధరించిన ఒక సుబేదారు కుమారుడు, ఉర్దూ, పారసీ, తెలుగు, ఇంగ్లీషు తెలిసిన ఒక ఉపాధ్యాయుడు ఆ కళాశాలకు వచ్చినారని జ్ఞాపకం చేసుకొండి. మీ భాషలో తప్పులున్నవని వెరవకండి. తప్పులు దిద్దుకొనవచ్చును. మీ ఇంటిని గురించి, మీ వీధిని గురించి, మీ అమ్మను గురించి మీకు తెలిసినది మీరు వ్రాయండి. ఏ భాషలో ముందు తోస్తే ఆ భాషలో తలచి, తెలుగులో పెట్టండి. మా బల్లమీదకు తెచ్చి ఇవ్వండి. ఈసారి ఎర్రసిరా కలం తెరవకముందే పూర్తిగా చదువుతామని మాట ఇస్తున్నాము.